ఫోటోలో లేని మేకలు

తప్పంతా తుమ్మచెట్టుదే. ఆఫీసు రికార్డుల్లో అలాగే ఉంది. "సదరు వృక్షము సంస్థకు ముందస్తు సమాచారము ఇవ్వకుండా చిగురించినది" అని ఫైల్లో రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర కూడా గుద్దారు. ముద్ర పడ్డాక చెట్టు తరఫున మాట్లాడేవాడెవడు? అందుకే నేను మాట్లాడుతున్నాను.

మా బండమీదపల్లెకు కోసెడు దూరంలో గండి ఉంది. ఏరు ఎర్రబండను వేల ఏళ్లు కోసుకుంటూ పోయి మూడు తాటిచెట్ల లోతు లోయ చేసుకుంది. ఆ లోయ అంచున ఒకే ఒక తుమ్మచెట్టు. దాని పక్కనుంచి బండల సందున ఒక కాలిబాట కిందికి దిగుతుంది. బాట చివర మడుగు. మాఘం దాటితే చుట్టుపక్కల నీళ్లుండేది ఆ మడుగులోనే. సుంకులమ్మ మేకలు నలభై మూడూ రోజూ ఆ బాటన దిగి, నీళ్లు తాగి, ఎక్కి వచ్చి చెట్టు కింద పడుకునేవి. సుంకులమ్మకు అరవై దాటాయి. భూమి లేదు. మేకలున్నాయి. ఆమె గురించి అంతకంటే తెలుసుకోవలసిన అవసరం సంస్థకు ఎప్పుడూ కలగలేదు.

రెండేళ్ల కింద ఒక ఎండాకాలం సాయంత్రం పట్నం నుంచి మృగాంక్ అనే ఫోటోగ్రాఫర్ వచ్చాడు. మామూలు ఫోటోగ్రాఫర్ కాదు, కళాకారుడు. అంటే పెళ్లిళ్లకు రాడు. మూడు కాళ్ల స్టాండు పాతి, ఆకాశం చూశాడు. నేలమీద బోర్లా పడుకున్నాడు. లేచాడు. మళ్లీ పడుకున్నాడు.

"పాపం, కడుపునొప్పేమో అనుకున్నె," అని సుంకులమ్మ తర్వాత మాతో చెప్పింది. "వాము ఇద్దామని దగ్గరికి పోతే, 'అవ్వా, మేకల్ని తోలుకొని కొంచెం పక్కకు జరుగు, ఫ్రేములోకి వస్తాండావు' అన్న్యాడు. జరిగినా. సదువుకున్నోడు అడిగితే జరగకుండా ఎట్ల?"

ఆ ఫోటో నలుపు తెలుపుది. పేరు 'ఎడారి ఏకాంతం'. దానికి ఏదో దూరదేశంలో మొదటి బహుమతి వచ్చింది. మా ఊరు ఎడారి అని మాకు అప్పుడే తెలిసింది. "మానవ స్పర్శ ఎరుగని మహాశూన్యం! ఆకాశాన్ని నిలదీస్తున్న ఆ ఒంటి మొండికొమ్మ!" అని పత్రికల్లో పెద్దలు రాశారు. చదివి సుంకులమ్మకు వినిపించాను. "యాడుంటాదప్పా ఆ ఊరు?" అని అడిగింది.

బహుమతి వచ్చిన మూడు నెలలకు గండి దగ్గర ఒక ఆఫీసు మొలిచింది. దృశ్య సంపద సంస్థ అట. బోర్డు వచ్చింది, టికెట్టు వచ్చింది, జనం వచ్చారు. వచ్చినవాళ్లలో ఒకాయన ఫిర్యాదుల పుస్తకంలో రాశాడు: "ఫోటోలో ఉన్నట్టు లేదు. బండ ఎర్రగా ఉంది. మేక పెంటికలు ఉన్నాయి. ఇది మోసం."

బుర్ర ఉన్న అధికారి అయితే చదివి నవ్వుకొని పుస్తకం మూసేవాడు. మాకొచ్చిన ప్రాంతీయ దృశ్యాధికారి పరాంకుశం గారు మూయలేదు. రెండు రోజులు తలుపేసుకొని కూర్చొని 'అనురూపతా ఉత్తర్వు' తయారుచేశారు. అందులో ముఖ్యమైన ముక్క ఇది: "ఛాయాచిత్రము మూలము. స్థలము దాని నకలు. నకలునందు మూలమునకు భిన్నముగా ఏమి కనబడినను దానిని దోషముగా పరిగణించి సవరించవలెను."

సవరణకు ఆయనే స్వయంగా వచ్చారు. మంచమంత ఫ్రేములో ఫోటో కట్టించారు. మోసింది దృశ్య పరిశీలకుడు జిలానీ. జిలానీ మా పక్క ఊరివాడే. ఈ ఉద్యోగం రాకముందు బోరు మోటార్లకు తీగ చుట్టేవాడు. పరాంకుశం గారు ఒక కన్ను ఫోటోమీద, ఒక కన్ను గండిమీద పెట్టారు.

"జిలానీ, మూలమునందు మేకలు ఎన్ని?"

"సున్నా సార్."

"నకలునందు?"

"నిలబడితే గదా సార్ ఎంచేది. నలభై మూడంట, అవ్వ చెప్తాంది."

"నలభై మూడు దోషములు. మూలమునందు స్త్రీలు?"

"లేరు సార్."

"నలభై నాలుగు."

చెట్టుకింద కూర్చున్న సుంకులమ్మ మెడ చాచింది. "ఏం రాసుకుంటాండావు నాయనా?"

"నిన్ను తప్పు కింద రాసుకుంటాండా అవ్వా," అన్నాడు జిలానీ సిగ్గుపడుతూ.

"నా మొగుడు బతికుండంగా దినామూ ఆ మాటే అంటాండె. కాగితం మీదికి మాత్రం ఎక్కీలే."

పరాంకుశం గారు నవ్వలేదు. ఆఫీసు వేళల్లో ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. "బాట?" అన్నారు.

"బండ అడ్డమొచ్చింది సార్. ఫోటోలో కనపడల్యా."

"కనబడనిచో లేదు. కంచె వేయించు."

"కంచె గూడా ఫోటోలో లేదు గదా సార్?"

అధికారి నొసలు ముడుచుకుంది. అంతలోనే విచ్చుకుంది. "ఛాయాచిత్రపు అంచు ఎక్కడ ముగియునో దానికి జానెడు అవతల వేయించు. కంచె ఉండును. కనబడదు."

సుంకులమ్మ లేచి నిలబడింది. "సార్, మరి నా మేకలు నీళ్లు యాడ తాగాల?"

పరాంకుశం గారు ఎంతో ఓపికగా, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "చూడమ్మా. ఎడారిలో నీళ్లుండవు. నీళ్లున్నచో అది ఎడారి కాదు."

అది వానాకాలం మొదలు కాబట్టి సుంకులమ్మ అప్పటికి ఊరుకుంది. కుంటల్లో నీళ్లున్నాయి. మేకల్ని బీడుమీదికి తోలుకుపోయింది. నేను మాత్రం ఊరుకోలేదు. అర్జీ రాశాను. తరతరాల బాట మూసేశారు, తెరవండి అని. నలభై రోజులకు జవాబొచ్చింది. "సదరు బాట ఛాయాచిత్రమునందు కనబడనందున అది లేదు. లేని బాటను మూసివేసినారన్న ఆరోపణ నిరాధారము." చదివి నా మీద నాకే అనుమానం వచ్చి, పోయి కంచె సందులోంచి చూసొచ్చాను. బాట ఉంది.

ఆ తర్వాత సవరణలు ఊపందుకున్నాయి. ఫోటోలో రంగుల్లేవు కనుక సిబ్బందికి బూడిదరంగు చొక్కాలు కుట్టించారు. చూడవచ్చినవాళ్లకు గేటు దగ్గర బూడిదరంగు కళ్లజోళ్లు ఇచ్చారు. పెళ్లి ముస్తాబులో వచ్చిన ఒక కొత్తజంటను, పెళ్లికూతురి ఎర్రచీర మూలానికి విరుద్ధమని గేటు దగ్గరే ఆపి, ఆమెకు గోనెపట్టా కప్పి లోపలికి పంపారు. ఆఫీసు దొడ్డిలో బూడిద, సున్నం కలిపి జిలానీ చేత ఎదుటి ఎర్రబండకు పూయించారు. రాత్రి జల్లు పడింది. తెల్లారేసరికి బండ ఎర్రగానే ఉంది, కింద మడుగు మాత్రం పాలమడుగైంది. "తిరిగి పూయుము" అని నోట్ వచ్చింది. రామచిలుకల గుంపు ఒకటి చెట్టుమీద వాలితే "అనధికార వర్ణము" అని రాసి, తరమడానికి ఒక మనిషిని పెట్టారు.

ఫోటోలో చెట్టు నీడ ఎడమకు పడింది. అంటే సాయంత్రం ఐదూ నలభై. కాబట్టి సందర్శన వేళలు ఐదూ నలభై నుంచి ఐదూ యాభై రెండు. పుష్యమాసంలో సూర్యుడు పక్కకు జరిగి నీడ జానెడు తప్పింది.

"దీనికేం చేద్దాం సార్?" అన్నాడు జిలానీ.

"సూర్యుడు మన ప్రాంతీయ పరిధిలోకి రాడు. పై కార్యాలయానికి లేఖ రాశాను," అన్నారు పరాంకుశం గారు.

అసలు ఉపద్రవం అంతకుముందే, వానల్లోనే, ఎవరూ చూడనివైపు నుంచి వచ్చింది. చెట్టు చిగురించింది.

మొదట నాలుగు రెమ్మలు. పరాంకుశం గారు చేత్తోనే తుంచారు. ముల్లు గుచ్చుకుంది. పదిరోజులకు కొమ్మంతా ఆకు. వాన వెలిసేసరికి మోడులాంటి చెట్టు గొడుగులాగ గుబురెక్కింది. అది చాలదన్నట్టు కార్తీకంలో పూత పట్టింది. తుమ్మపూలు ఎట్లుంటాయో తెలుసుగా, పసుపు ముద్దలు. నలుపు తెలుపు ఫోటోకు నిలువెల్లా పసుపు! ఆ రోజు పై ఆఫీసుకు తంతి లాంటి నివేదిక పోయింది: "వృక్షము యొక్క ఆరోగ్యము ప్రమాదకర స్థాయిలో మెరుగుపడినది. తక్షణ చర్యలు అవసరము."

తక్షణ చర్యగా పన్నెండుమంది కూలీలను పెట్టి నిచ్చెనలేసి ఆకులు గిల్లించారు. తూర్పు కొమ్మలు అయ్యేసరికి పడమటి కొమ్మలు చిగిర్చేవి. గిల్లినకొద్దీ చెట్టుకు హుషారు. ఒక వృక్షశాస్త్ర నిపుణుడు వచ్చి చెట్టు మొదలు తట్టి, "దీనికి ఏ జబ్బూ లేదు" అన్నాడు. "అదే కదయ్యా జబ్బు!" అని పరాంకుశం గారు అరిచారు. నరికి పారేద్దామా అంటే ఫోటోలో చెట్టు ఉంది.

ఇంతలో కబురు. బహుమతి ఇచ్చిన దేశం నుంచి ఒక పెద్దావిడ, ఆ పోటీకి న్యాయనిర్ణేత, ఫాల్గుణంలో గండి చూడటానికి వస్తోంది. ఇంక నెలన్నర. పరాంకుశం గారు పట్నం నుంచి మృగాంక్‌ను పిలిపించారు. ఆయన కారు దిగి, గండి అంచుకు నడిచి, చెట్టు ముందు నిలబడి, చుట్టూ చూసి అడిగాడు:

"నా చెట్టు ఏది?"

"ఇదే సార్," అన్నాడు జిలానీ.

"కాదు. నా చెట్టులో వేదన ఉండాలి. ఇదేదో కడుపునిండా తిన్న చెట్టు."

కంచె అవతల పకపకమని నవ్వు. సుంకులమ్మ. ఆమెకు అప్పటికి నవ్వే రోజులు కావు. కుంటలెండిపోయాయి. నీళ్లకోసం మేకల్ని రెండు కోసులు చుట్టూ తిప్పి ఊరి అవతలి బోరు దగ్గరికి తోలుతోంది. అక్కడ కరెంటు ఉంటే నీళ్లు, లేకపోతే లేదు. మేకల డొక్కలు లోపలికి పోయాయి. ఉగాదిలోగా బాట తెరవకపోతే మందనంతా సంతకు తోలేస్తానని ముందురోజే నాతో అంది. అని, మొహం పక్కకు తిప్పుకుంది. మేకలు పోతే ఆమె ఏం చేస్తుందో నేను అడగలేదు.

అయినా నవ్వింది. "ఆ యేదన నాదే నాయనా!"

"అంటే?" అన్నాడు మృగాంక్.

"అంటే ఏముండాది? కిందికొమ్మలు మేకలు ముందరికాళ్లెత్తి తింటాయి. పైకొమ్మలు అందవని నేను దోటికి కొడవలి కట్టి కొడతా, ఎండాకాలం వొచ్చినంక. పదిహేడేండ్లాయ. నువ్వు బోర్లా పండుకున్న్యావే, ఆ పొద్దు పొద్దున్నే కొట్టినా. అందుకే మోడుగా ఉండె."

మృగాంక్ మొహం వాడింది. "మరి... ఆకాశాన్ని నిలదీస్తున్న ఆ ఒంటికొమ్మ?"

"మొండికొమ్మా? అది సద్ది మూట తగిలించేదానికి. కింద పెడితే కొమ్ములోడు మూటలో మూతి పెడతాడు." కొమ్ములోడంటే ఆమె పోతుమేక.

మానవ స్పర్శ ఎరుగని మహాశూన్యంలో, కంచె అవతల, ఒక మేక తుమ్మింది. జిలానీ తల వంచుకొని నవ్వు మింగుతున్నాడు. మృగాంక్ నెమ్మదిగా, "ఈ సంగతి ఎక్కడా రాయకండి" అన్నాడు. కారెక్కి పోయాడు.

పరాంకుశం గారు కంచె దాకా నడిచొచ్చారు. "అమ్మా, నెలరోజుల్లో దీన్ని మునుపటిలా చేయగలవా?"

"నేనొక్కదాన్నే అయితే కాదు. మేకలు గావాల. మేకలకు నీళ్లు గావాల. నీళ్లకు బాట గావాల."

"బాట లేదు కదమ్మా."

"అయితే చెట్టూ లేదు సార్. పొద ఉండాది. చూపిచ్చుకో పో."

ఆయన ఆ రాత్రంతా ఫైలు ముందు కూర్చున్నారట. ఉత్తర్వు ప్రకారం గండిలో మేకలుండకూడదు. మేకలు లేకపోతే చెట్టు ఉత్తర్వుకు లోబడదు. ఉత్తర్వు తప్పని రాయొచ్చు. కానీ రాసింది తానే. తెల్లారి జిలానీ టీ పట్టుకొనిపోతే ఆయన కళ్లు చింతనిప్పులు.

"సార్, ఒక మాట," అన్నాడు జిలానీ. "మేకలని ఎందుకు రాస్తారు? మిషన్లని రాయండి."

"అంటే?"

"ఆకు తీసే మిషన్లు. మోటార్లు చుట్టినోణ్ణి సార్, చెప్తాండా. ఏ మిషనైనా నడిస్తే వేడెక్కుతాది. వేడెక్కితే నీళ్లు గావాల. నీళ్లకు దారి ఇయ్యాల. ఇయ్యకపోతే కాలిపోతాది, సంతకం పెట్టినోడు జవాబు చెప్పుకోవాల."

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి జిలానీ భుజం తట్టారు. సర్వీసులో మొదటిసారి. సాయంత్రానికల్లా ఫైలు సిద్ధం. "జీవచోదిత పత్రనివారణ యంత్రములు, నలభై మూడు. యంత్ర చాలకురాలు ఒకరు. యంత్రముల శీతలీకరణ నిమిత్తము తాత్కాలిక మార్గము." మార్గం ఎక్కడుందని రాయాలి? "బండల మధ్య సహజముగా లభ్యమైనది" అని రాశారు.

సుంకులమ్మకు కాగితం చదివి వినిపించాను.

"నా మేకలు మిషన్లా?"

"అవునవ్వా. పెంటికలు గూడా పొగ కింద లెక్క," అన్నాడు జిలానీ.

"పోనీలే. నీళ్లిస్తే ఇమానాలని రాసుకోమను."

మర్నాడు కంచె ముళ్లు విప్పారు. మేకలు ఆ బాటన దిగడం చూడాలి! ఒకదాని మీద ఒకటి, గిట్టల కింద రాళ్లు దొర్లుతూ, దూకుతూ దిగాయి. మూతులు మడుగులో పెట్టి ఎంతసేపు తాగాయో. సుంకులమ్మ కూడా దోసిలితో తాగింది. తర్వాత దోటి భుజాన వేసుకొని చెట్టు దగ్గరికొచ్చి, దాని నడుం మీద చేయి వేసి, "బో బలిసినావే" అంది.

ఇరవై రోజుల్లో చెట్టు దారికొచ్చింది. పొద్దున్నే ఆమె పైమండలు కొట్టేది. మేకలు వెనక కాళ్లమీద నిలబడి కిందివి చూసుకునేవి. రోజూ సాయంత్రం ఐదుకల్లా యంత్రాలన్నీ కంచె అవతలికి పోవాలని షరతు. పరాంకుశం గారు రోజూ ఫ్రేము పట్టించి కొలిచేవారు. చివరికి ఒకరోజు, ఫోటోకూ చెట్టుకూ వెంట్రుకవాసి తేడా లేదని తేలింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దావిడ వచ్చిన రోజు ఎర్రబండకు ఆరోసారి బూడిద పూశారు. చిలకలను తరిమారు. ఐదూ ముప్పై ఎనిమిది. ఆవిడకు బూడిదరంగు కళ్లజోడు ఇచ్చారు. ఆవిడ పెట్టుకుంది. తీసేసింది. ఐదూ ముప్పై తొమ్మిది. పరాంకుశం గారు గడియారం చూసుకొని, గొంతు సవరించుకొని, "మహోదయా, మానవ స్పర్శ ఎరుగని..." అని మొదలుపెట్టారు.

సరిగ్గా ఐదూ నలభైకి బాటలోంచి కొమ్ములోడు ఎక్కి వచ్చాడు.

యంత్రాలకు గడియారం చూడటం రాదు. ఆ రోజు ఎండ ఎక్కువై రెండోసారి దాహమేసింది, దిగాయి, తాగాయి, ఎక్కుతున్నాయి. కొమ్ములోడు చెట్టు మీదికి ముందరికాళ్లెత్తాడు. వాడి వెనక బొల్లిమేక. దాని వెనక అంతా. అందరి వెనక ఎర్రచీరలో సుంకులమ్మ. ఆమె ఎవరినీ చూడలేదు. చెయ్యెత్తి సద్ది మూటను మొండికొమ్మకు తగిలించి, చెంగుతో మొహం తుడుచుకుంది.

పెద్దావిడ సంచిలోంచి కెమెరా తీసి టకటకా నొక్కింది. అంతకుముందు దాకా ఒక్కటీ నొక్కలేదు. పరాంకుశం గారు అక్కడే ఉన్న బండమీద కూలబడ్డారు. బూడిద ఇంకా ఆరలేదు.

ఆవిడ ఆ ఫోటోను తన ఊళ్లో ప్రదర్శనకు పెట్టింది. రంగుల ఫోటో. పేరు 'తోడు'. పత్రికల్లో పాత పెద్దలే మళ్లీ రాశారు, మానవ స్పర్శ లేని ప్రకృతి అసంపూర్ణం అని. వైశాఖంలో సవరించిన ఉత్తర్వు వచ్చింది. పాత మూలము రద్దు. కొత్త మూలము ఇదే. బూడిద చొక్కాలు, కళ్లజోళ్లు గోదాములోకి పోయాయి. గండికి ఎర్రరంగు తిరిగి మంజూరైంది. కొత్త ఫోటోలో బాట మొదలు బాగా కనబడుతోంది కనుక బాట ఉందని సంస్థ లిఖితపూర్వకంగా ఒప్పుకుంది. రోజూ సాయంత్రం ఐదూ నలభైకి నలభై మూడు మేకలూ, ఎర్రచీరలో సుంకులమ్మా చెట్టు దగ్గర ఉండి తీరాలి. "అప్పుడు ఆడ గాక యాడుంటా?" అని ఆమె సంతోషంగా వేలిముద్ర వేసింది.

ఆషాఢంలో బొల్లిమేక ఈనింది. రెండు పిల్లలు.

అవి నడక నేర్చిన మూడోరోజు పరాంకుశం గారు కొత్త ఫ్రేముతో దిగారు. సూటిగా బాట మొగదలలో, రెండు బండల మధ్య నిలబడ్డారు. జిలానీ పక్కన ఫ్రేము పట్టుకున్నాడు. నీళ్లకు వచ్చిన మంద ఆగిపోయింది. ఎండ మండుతోంది. మేకలు అరుస్తున్నాయి.

"నలభై ఐదు," అన్నారు పరాంకుశం గారు. "మూలమునందు నలభై మూడే. రెండు దోషములు. తొలగించనిదే మార్గము తెరువబడదు."

"పసిగొడ్లు సార్. తల్లిని ఇడిసి యాడుంటాయి?"

"మూలమునందు లేవు."

జిలానీ నా వైపు చూశాడు. నేను అర్జీ కాగితం కోసం జేబు తడుముకున్నాను. సుంకులమ్మ మాత్రం ముందుకొచ్చి ఫ్రేముకు మొహం ఆనించి చూసింది. ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి, తీరికగా చూసింది. కొమ్ములోణ్ణి చూసింది, తనను చూసుకుంది.

"సార్, దీంట్లో నువ్వు యాడుండావు?"

పరాంకుశం గారు ఫోటోవైపు వంగారు. జిలానీ కూడా వంగాడు. చాలాసేపు వెతికారు.

"నేను... లేను," అన్నారాయన.

"అయితే కొంచెం పక్కకు జరుగు సార్. ఫ్రేములోకి వస్తాండావు."

ఆయన ఉత్తర్వు తీసి చదువుకున్నారు. రెండోసారి చదువుకున్నారు. ఒప్పుకోవాలి, నియమం దగ్గర ఆయనకు తన పర భేదం లేదు. వెనక్కి అడుగులేసుకుంటూ, ఫోటో అంచు ఎక్కడ ముగుస్తుందో అక్కడిదాకా, ఇంకో జానెడు అవతలికి పోయి నిలబడ్డారు.

మేకలు బిలబిలమని దిగాయి. అన్నిటికంటే ముందు ఆ రెండు పిల్లలే.

జిలానీ పుస్తకం తెరిచి రాసుకున్నాడు: "ఈ దినము కనుగొన్న దోషములు మూడు. అందులో పెద్దది సవరించబడినది."